డోలో కంటే ముందు థర్మామీటర్

సరళా,

అమ్మకి రెండో కీమో ఎక్కించారనీ, ఒళ్ళు వెచ్చగా ఉంటే డోలో వేసి పడుకోబెట్టాననీ ఫోన్లో చెప్పావు. అది విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. పెద్దమ్మ చాదస్తం అనుకోకు. క్యాన్సర్ వార్డులో నర్సుగా తలనెరిసినదాన్ని.

కీమో మందుకి క్యాన్సర్ కణం, మంచి కణం అన్న తేడా లేదు. వేగంగా పుట్టే ప్రతిదాన్నీ కొడుతుంది. ఎముక మూలుగలో పుట్టే తెల్లకణాలూ దానికి బలే. అమ్మకిచ్చే మందులకైతే సాధారణంగా వారం దాటాక, రెండు వారాల లోపు కౌంట్ బాగా పడిపోతుంది. అప్పుడు ఇన్ఫెక్షన్ వచ్చినా పుండు చీము పట్టకపోవచ్చు, ఎర్రబడకపోవచ్చు. చీముగా మారాల్సిన కణాలే ఒంట్లో లేవు మరి. చాలాసార్లు జ్వరం ఒక్కటే మనకందే కబురు. డోలోలో ఉండే పారాసిటమాల్ ఆ కబురు నోరు నొక్కేస్తుంది.

అందుకని ముందు థర్మామీటర్, నాలుక కింద. 100.4 ఉందా, అర్ధరాత్రైనా సరే ఆసుపత్రికి ఫోన్ చేసి బయల్దేరండి. చలి, వణుకు ఉంటే జ్వరం కనిపించకపోయినా అంతే. క్యాజువాలిటీలో మొదటి మాటే "కీమో మీద ఉంది, జ్వరం" అని చెప్పు. లేకపోతే మామూలు జ్వరాల వరసలో కూర్చోబెడతారు. గంటలోపు యాంటీబయాటిక్ నరానికి ఎక్కాలి. వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర సూది మాత్రం వేయించకు.

వాంతులు రాకుండా ఇచ్చే డెక్సామెథాసోన్ ఇంకో మాయ చేస్తుంది. జ్వరాన్ని అణిచిపెడుతుంది, పైగా రక్తనాళాల గోడలకి అతుక్కున్న తెల్లకణాల్ని కదిలించి సీబీపీలో, అంటే రక్తకణాల లెక్క తీసే పరీక్షలో, కౌంట్ పెంచి చూపిస్తుంది. అది చూసి మురిసిపోకు. అసలు మొత్తం తెల్లకణాలు కాదు, వాటిలో క్రిములతో పోరాడే న్యూట్రోఫిల్స్ ఎన్నో లెక్కకట్టు. మొత్తం 1,800, అందులో న్యూట్రోఫిల్స్ 25 శాతం అంటే 450. 500 దిగితే ఒళ్ళు దగ్గర పెట్టుకోవాల్సిన రోజులే.

కౌంట్ పెంచే ఫిల్‌గ్రాస్టిమ్ రాశారన్నావు. కీమో అయ్యాక 24 గంటలు గడవకుండా అది వేయకూడదు. ఫ్రిజ్‌లో పెట్టు, పైన గడ్డకట్టే అరలో మాత్రం కాదు. నడుము, తుంటి ఎముకలు సలుపుతాయి. మూలుగ పని చేస్తోంది కనక నొప్పి. ఆ నొప్పికీ నీ అంతట నువ్వు బిళ్ళ వేయకు, అదీ జ్వరాన్ని దాచేదే. డాక్టర్నడుగు.

వాంతుల బిళ్ళ ఒండాన్‌సెట్రాన్‌తో మలబద్ధకం వస్తుంది. ఎనిమాలు, కింద నుంచి పెట్టే బిళ్ళలు వద్దు. అక్కడ చిన్న గీత పడినా క్రిములకి దారే. తాగే మందు రాయించుకో.

ఇక మీ అత్తగారు పంపిన తిప్పతీగ కషాయం. ఆవిడ ప్రేమ కాదనను. కానీ దానితో కాలేయం దెబ్బతిన్నవాళ్ళ సంగతి మన దేశపు డాక్టర్లే రాశారు. సీసా పక్కన పెట్టేయ్. ఏం చెబుతావో నీ ఇష్టం, నా పేరు చెప్పినా పర్లేదు.

మీ పెద్దమ్మ