గుర్రుమన్నప్పుడల్లా విడదీయకండి

ప్రశ్న: మా బాబు పుట్టినరోజుకి రెండు గినీ పిగ్స్ కొన్నాం. రెండూ మగవే, ఒక ఈతలో పుట్టినవే అని షాపతను చెప్పాడు. వచ్చిన కొత్తల్లో ఒకదాన్ని ఒకటి ఆనుకుని పడుకునేవి. ఇప్పుడు నాలుగు నెలలు నిండాయి. రెండు వారాలుగా గోధుమరంగుది తెల్లదాన్ని తరుముతోంది, మీదికి ఎక్కుతోంది, నడుము ఊపుకుంటూ గుర్రుమంటోంది. వాటిలో ఒకటి ఆడదై ఉంటుందని మా అత్తమ్మ అంటున్నారు. నాకు టెన్షన్ ఆగక రోజూ రాత్రి తెల్లదాన్ని అట్టపెట్టెలో పడుకోబెట్టి పొద్దున్నే మళ్లీ కలుపుతున్నాను. కలిపాక గంటసేపు మరీ రెచ్చిపోతున్నాయి. పంజరం పొడవు రెండడుగులు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, వేదాయపాళెం, నెల్లూరు

జవాబు: ముందు ఆ రాత్రిపూట విడదీయడం ఆపేయండమ్మా, మీరు మంచికే చేస్తున్నా గొడవను పెంచుతున్నది అదే. మన వైపు మందల్లో కుర్ర పొట్టేళ్లు ఢీకొట్టుకోవడం మీరు చూసే ఉంటారు, ఏది పెద్దో తేలేదాకా తలలు పగిలేలా కొట్టుకుంటాయి, తేలిపోయాక పక్కపక్కనే మేస్తాయి. మీ ఇంట్లో ఆ రెండూ పగలంతా కష్టపడి ఆ లెక్క సగం తేల్చుకుంటే రాత్రికి మీరు చెరిపేస్తున్నారు, పొద్దున్నే మళ్లీ మొదటికొస్తోంది.

ఇది వాటికి కుర్రవయసు. సుమారు మూడు నెలలప్పుడు మొదలై ఏడాది దాటేదాకా ఉండొచ్చు, ఒక్కోసారి సద్దుమణిగినట్టే ఉండి మళ్లీ లేస్తుంది. మీదికి ఎక్కడం పెత్తనం చూపించుకోవడమే, దానికి ఆడా మగా తేడా లేదు. అయినా మీ అత్తమ్మగారి మాట కొట్టిపారేయకుండా ఒకసారి పశువుల డాక్టరుకు చూపించి రెండూ మగవేనని ఖాయం చేసుకోండి, షాపుల్లో పొరపడటం మామూలే.

ఏది మామూలు, ఏది కాదు అన్నది కళ్లతో పట్టుకోవాలి. మా ఇంట్లోనూ రెండు మగవి ఉన్నాయి. పెద్దది నడుము అటూ ఇటూ ఊపుతూ నెమ్మదిగా చుట్టూ తిరుగుతుంటే, ఫోన్ వైబ్రేషన్‌లో పెట్టి బల్ల మీద వదిలేసినట్టు దాని ఒళ్లంతా అదురుతూ సన్నగా మోగుతుంది. చిన్నది ‘వీక్ వీక్’మని అరిచి పక్కకి తప్పుకుంటుంది. ఆ అరుపు వింటే మనకు గుండె జారుతుంది గానీ, నొప్పితో అరిచేది కాదు అది, సరే నువ్వే పెద్ద అని ఒప్పుకోవడం. తరమడం, ఎక్కడం, వెనకభాగం నేలకి రాసి వాసన వదలడం, ఇవన్నీ చూస్తూ ఊరుకోవచ్చు. రెండూ ఎదురెదురుగా నిలబడి ముట్టెలు పైకెత్తి, మెడ మీద బొచ్చు నిక్కబొడుచుకుని పళ్లు టకటకలాడిస్తున్నాయంటే మాత్రం దగ్గరే ఉండండి. నోరు బాగా తెరిచి పళ్లు చూపిస్తే ఆవలింత అని ముచ్చటపడకండి, అది బెదిరింపు. బంతిలా పెనవేసుకుని దొర్లినా, రక్తం కనబడినా ఇక ఆలోచించవద్దు, విడదీయాల్సిందే. అయితే చెయ్యి పెట్టొద్దు, ఆ పళ్లు లోతుగా దిగుతాయి. మందపాటి టవల్‌ని వాటి మీద పడేసి ఒకదాన్ని పైకి తీయండి.

ఇక అసలు విషయం పంజరం. రెండడుగుల దాంట్లో దేవుడు దిగొచ్చినా వాటి మధ్య సర్దుబాటు చేయలేడు, ఓడినదానికి తప్పుకునే చోటే లేదు కదా. రెండు మగవాటికి కనీసం ఐదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఒకే అంతస్తులో కావాలి, ఇంకా ఎక్కువైతే ఇంకా మంచిది. హాల్లో ఒక గోడవారగా జాలీ పలకలు కట్టి కింద పాత దుప్పటి పరిస్తే సరిపోతుంది. చోటు కోసం మిద్దె మీద రేకుల షెడ్డులోకి మార్చకండి, 27 డిగ్రీలు దాటితేనే వీటికి వడదెబ్బ భయం, మన ఎండలు తెలిసిందే.

లోపల ప్రతిదీ రెండేసి పెట్టండి, దూరదూరంగా. నీళ్ల సీసాలు రెండు, గిన్నెలు రెండు, అట్టపెట్టె గూళ్లు రెండు, ప్రతి గూటికీ రెండు దారులు. ఒకటే దారి ఉంటే పెద్దది గుమ్మానికి అడ్డంగా కూర్చుంటుంది, చిన్నది లోపల ఇరుక్కుపోతుంది, పెద్ద పోట్లాటలు అక్కడే పుడతాయి. గరిక కూడా ఒకే చోట కాకుండా నాలుగు చోట్ల వేయండి. శుభ్రం చేసినప్పుడు అన్ని గుడ్డలూ ఒకేరోజు ఉతికేస్తే వాటి వాసన పోయి మళ్లీ హద్దులు గీసుకోవడం మొదలెడతాయి, ఒక పాత గుడ్డ లోపలే ఉంచండి.

వారానికోసారి వంటింటి కాటా మీద రెండింటినీ తూచి రాసుకోండి. ఈ వయసులో బరువు పెరగాలి. తెల్లది తగ్గుతుంటే దాన్ని తిననివ్వడం లేదన్నమాట, అప్పుడు రక్తం కోసం ఎదురుచూడకుండా మధ్యలో జాలీ అడ్డం పెట్టేయండి. ఒకదానికొకటి కనబడాలి, వాసన తెలియాలి, వేరే గదిలో మాత్రం పెట్టవద్దు. ఒంటరితనం వీటికి ఎంత కష్టమంటే, స్విట్జర్లాండ్‌లో 2008 నుంచి ఒక్క గినీ పిగ్‌ని ఒంటరిగా పెంచడం చట్టప్రకారం కుదరదు.

ఇంకొక్కటి, దయచేసి గుర్తుపెట్టుకోండి. కాటు పడితే ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ ఇవ్వకండి. పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా వేస్తే వీటి పేగుల్లోని మంచి బ్యాక్టీరియా చచ్చి ప్రాణం మీదికొస్తుంది. కాటు పైకి చిన్నగా కనబడినా లోపల చీము పడుతుంది, డాక్టరు దగ్గరికే తీసుకెళ్లండి.

ప్రశ్న: మా రెండు మగ గినీ పిగ్స్‌కీ అస్సలు పడటం లేదు. ఒక ఆడదాన్ని తెస్తే శాంతిస్తాయా? లేక ఆపరేషన్ చేయించాలా?
– ఒక పాఠకుడు, కర్నూలు రోడ్డు, ఒంగోలు

జవాబు: ఆడదాన్ని తేవద్దు, ఉన్న కొద్దిపాటి స్నేహం కూడా పోతుంది. దాని కోసం రెండూ చావుదెబ్బలు కొట్టుకుంటాయి, పైగా రెండు నెలల్లో పిల్లలు, ఈనిన కొద్ది గంటలకే తల్లి మళ్లీ చూలు కట్టగలదు. ఆపరేషన్ పిల్లల్ని ఆపుతుంది గానీ మగవాటి మధ్య పెత్తనం గొడవను పెద్దగా తగ్గించదు. పైన వేదాయపాళెం పాఠకురాలికి చెప్పినట్టు చోటు పెంచి చూడండి. మీ ఇంట్లో ఇప్పటికే వేరే ఆడవి ఉంటే వాటిని ఇంకో గదిలో ఉంచి, వాటిని ఎత్తుకున్నాక ఆ వాసన పోయేలా చేతులు సబ్బుతో కడుక్కునే మగవాటి దగ్గరికి వెళ్లండి.