మ్యూనిక్ ఫ్లైట్ ఎక్కేలోపు ఇటాలియన్ పాస్‌పోర్ట్ కాగితాలు పోగేసుకో

అమ్మలూ,

మ్యూనిక్ ఉద్యోగం ఖాయమైందని మీ నాన్న చెప్పాడు, చాలా సంతోషం. నీకు తెలుగు మాట్లాడ్డమే గానీ చదవడం రాదు కదా, దీన్ని మీ నాన్నే చదివి వినిపించాలి, అదీ మంచిదేలే, ఇందులో సగం పని ఆయన నెత్తినే ఉంది. ఇటలీలో మీ అంకుల్‌ది అబ్రుజ్జో, మీ అమ్మది పూలియా, డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళల్లో ఇటలీతో వియ్యం అందుకున్న ఇళ్ళు నాకు తెలిసి ఈ రెండే, మా పిల్లలిద్దరికీ ఇటాలియన్ పాస్‌పోర్ట్ దగ్గరుండి చేయించాను గనక ఈ విషయంలో పెద్దరికం చూపిస్తా, విను.

మీ అమ్మ ఇటాలియన్ కాబట్టి నువ్వు ఇటలీని పౌరసత్వం ఇమ్మని అడగట్లేదు, పుట్టుకతో వచ్చినదాన్ని గుర్తించమని అడుగుతున్నావ్. అందుకే నీకు భాష పరీక్ష లేదు, ఇంటర్వ్యూలో ఇటలీ ప్రధాని ఎవరని ఎవరూ అడగరు. అంతా కాగితాల మీదే. కాగితం సరిగ్గా ఉంటే పని అవుతుంది, లేకపోతే నీ ముఖం చూసి ఎవరూ కరగరు.

ముందు మీ అమ్మ తేదీలు చూద్దాం. ఆవిడ అమెరికన్ సిటిజన్ అయింది 2006లో. అదే 1992 ఆగస్టు 16కి ముందు అయ్యుంటే పాత 1912 చట్టం ప్రకారం ఇటాలియన్ పౌరసత్వం పోయేది, ఆ తర్వాత అయింది కాబట్టి రెండూ ఉన్నాయి, అక్కడికి గండం గడిచింది. రెండో సంగతి, 2025 మార్చి 28న వాళ్ళ ప్రభుత్వం ఉన్నట్టుండి ఒక డిక్రీ తెచ్చింది, మే నెలలో అది 74వ నంబర్ చట్టం అయి కూర్చుంది. అంతకుముందు ముత్తాత వాళ్ళ నాన్న ఇటలీ నుంచి ఓడెక్కి వచ్చాడని రుజువు చేసినా గుర్తించేవాళ్ళు, బ్రెజిల్, అర్జెంటీనాల్లో లక్షల మంది క్యూ కట్టింది అందుకే. ఇప్పుడు నీలాగా బయట దేశంలో పుట్టి ఇంకో పౌరసత్వం ఉన్నవాళ్ళకి ప్రధానంగా రెండు దారులే మిగిలాయి. అమ్మానాన్నల్లోనో, వాళ్ళ అమ్మానాన్నల్లోనో ఒకరికి ఇటాలియన్ పౌరసత్వం ఒక్కటే ఉండాలి, వేరేది ఉండకూడదు, చనిపోయుంటే చనిపోయేనాటికి అలా ఉండాలి. లేదంటే అమ్మో నాన్నో ఇటాలియన్ పౌరులై ఉండి, నువ్వు పుట్టకముందు ఇటలీలో కనీసం రెండేళ్ళు ఆపకుండా కాపురం ఉండాలి.

మీ అమ్మకి ఇప్పుడు రెండు పౌరసత్వాలు కాబట్టి మొదటి దారి ఆవిడ పేరు మీద నడవదు. మీ నోన్నా, అదే మీ అమ్మమ్మ, పేరు మీద నడుస్తుంది, ఆవిడ ఊరు దాటి ఎక్కడికీ పోలేదు కదా, కానీ ఇంకో పౌరసత్వం లేదు అని రుజువు చెయ్యడం కంటే ఉన్నదాన్ని రుజువు చెయ్యడం తేలిక, అందుకని నన్నడిగితే రెండో దారే పట్టు. మీ అమ్మ పుట్టింది, చదివింది, ఉద్యోగం చేసింది అంతా అక్కడే, అమెరికా వచ్చేసరికే పాతికేళ్ళు దాటాయి. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా అక్కడ నివాసం ఉందో చెప్పే కాగితం వాళ్ళ ఊరి మున్సిపాలిటీ వాళ్ళే ఇస్తారు, కొమ్యూనే అంటారు దాన్ని, ఆ కాగితం పేరు చెర్తిఫికాతో స్తోరికో ది రెసిడెంజా. దాంతో పాటు మీ అమ్మ జనన పత్రం ఎక్స్‌ట్రాక్ట్, ఆవిడ తల్లిదండ్రుల పేర్లతో ఉన్నది, కూడా అడగండి. చిన్న ఊళ్ళలో ఈమెయిల్‌కి జవాబు రాదు, ఆగస్టులో అయితే అసలు ఆశ పెట్టుకోవద్దు, ఊరంతా సముద్రం దగ్గరే ఉంటుంది. మీ మావయ్యని పంపించి ఆఫీసులో నిలబెట్టించండి, అక్కడ కూడా మన మండలాఫీసు పద్ధతే, మనిషి ఎదురుగా ఉంటేనే ఫైలు కదులుతుంది.

ఇక అసలు చిక్కు మీ అమ్మానాన్నల పెళ్ళి. ఇది నవ్వొచ్చే సంగతే గానీ ఇటలీ లెక్కల్లో మీ అమ్మకింకా పెళ్ళి కాలేదు! 1994లో అన్నవరంలో తలంబ్రాలు పోసుకుని, హైదరాబాద్‌లో రిజిస్టర్ చేసుకుని, వీసాకి ఆ కాగితం వాడుకుని బీరువాలో పెట్టేశారు, ఇటలీకి మాత్రం ఎవరూ చెప్పలేదు. విదేశాల్లో ఉండే ఇటాలియన్ల రిజిస్టర్ ఒకటుంది, ఐరే అంటారు, అందులో కూడా మీ అమ్మ పేరు లేదని మొన్న తనే చెప్పింది. దేశం వదిలిన 90 రోజుల్లో నమోదవ్వాలని 1988 నుంచి చట్టం ఉంది, 2024 నుంచి దానికి జరిమానాలు కూడా పెంచారు, ఏడాదికి 200 నుంచి 1000 యూరోలు, అయిదేళ్ళ దాకా వెయ్యొచ్చు. భయపెట్టడానికి చెప్పట్లేదు, ఎవరో వచ్చి తలుపు తట్టేలోపు మనమే వెళ్ళి నమోదు చేసుకుంటే మంచిదని. కాన్సులేట్ వెబ్‌సైట్లో ఆన్‌లైన్‌లోనే అవుతుంది. ముందు అమ్మ లెక్క సరి చేస్తేనే తర్వాత నీ లెక్క.

పెళ్ళి సర్టిఫికెట్ సంగతికొస్తే, మీ నాన్న పని ఇక్కడే. మీ అమ్మ క్రిస్టియన్, పైగా విదేశీయురాలు కాబట్టి అప్పుడు స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద రిజిస్టర్ అయ్యుంటుంది, అదే మన అదృష్టం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది 2002 చట్టంతో, అంతకుముందు పెళ్ళిళ్ళు చాలావాటికి శుభలేఖ, ఆల్బం తప్ప ఏమీ లేవు. బీరువాలో కాగితం పనికిరాదు, రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి కొత్త సర్టిఫైడ్ కాపీ తీయించాలి, దానికి రాష్ట్ర ప్రభుత్వ అటెస్టేషన్, ఆ పైన ఢిల్లీ విదేశాంగ శాఖ అపోస్టిల్, అంటే కాగితం అసలైనదేనని వేరే దేశం ఒప్పుకునేలా వేసే ముద్ర. హైదరాబాద్‌లో ఎవరైనా బాబాయ్‌నో బావనో పురమాయించండి. తర్వాత ఇటాలియన్‌లోకి అనువాదం.

అన్నిటికంటే ఎక్కువ ప్రాణం తీసేది పేర్లు. మీ నాన్న పేరు పెళ్ళి కాగితంలో ఇంటిపేరు ముందు, రెండు పొడి అక్షరాలు, అమెరికన్ పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు చివర, నీ బర్త్ సర్టిఫికెట్లో ఇంకో స్పెల్లింగ్. మనకిది మామూలే, టెన్త్ మార్కుల లిస్టులో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు ఉన్న జాతి మనది, కానీ కాన్సులేట్‌లో కూర్చున్న ఆయనకి వాళ్ళు ముగ్గురు వేర్వేరు మనుషులు. కాగితాలన్నీ టేబుల్ మీద పరిచి పేరు, పుట్టిన తేదీ, ఊరు ఒక్కో అక్షరం పోల్చుకోండి. సరిచేయగలిగింది జారీ చేసిన ఆఫీసులోనే సరిచేయించాలి, కుదరనిదానికి అందరూ ఒకే వ్యక్తి అని అఫిడవిట్. ఇది అనువాదం చేయించకముందే చెయ్యాలి, లేకపోతే డబ్బులు రెండుసార్లు.

నీ బర్త్ సర్టిఫికెట్ లాంగ్ ఫామ్‌ది, అంటే వివరాలన్నీ ఉన్న పూర్తి కాగితం, కొత్తగా తీసిన కాపీ కావాలి, ఆసుపత్రి వాళ్ళు పాదముద్రలు వేసి ఇచ్చింది కాదు. నువ్వు టెక్సస్‌లో పుట్టావు కాబట్టి అపోస్టిల్ ఆస్టిన్‌లో, కాగితానికి 15 డాలర్లు. మీ అమ్మ అమెరికన్ సిటిజన్ అయినప్పుడు ఇచ్చిన నాచురలైజేషన్ సర్టిఫికెట్ కూడా సిద్ధంగా పెట్టుకోండి, తేదీకి రుజువు అదే.

అప్లికేషన్ ఎక్కడ ఇవ్వాలన్నది నువ్వు ఎక్కడ నివాసం ఉంటే అక్కడ. టెక్సస్‌లో ఉన్నంతవరకు హ్యూస్టన్ కాన్సులేట్, మ్యూనిక్ వెళ్ళి స్థిరపడ్డాక అక్కడి ఇటాలియన్ కాన్సులేట్. స్లాట్లు ప్రెనోతామి అనే సైట్లో, సాధారణంగా రోమ్‌లో అర్ధరాత్రి అయ్యేసరికి వదులుతారు, అంటే మనకి సాయంత్రం అయిదు, వీసా స్టాంపింగ్ స్లాట్ల కోసం మనవాళ్ళు పడే పాట్లే ఇవీ. ఫీజు 2025 జనవరి నుంచి 600 యూరోలు, అంతకుముందు 300 ఉండేది, నీ ఫైలు తిరస్కరించినా వెనక్కి రాదు. స్లాట్ ఇప్పిస్తామని వేలకి వేలు అడిగే ఏజెంట్లు తగుల్తారు, ఒక్క పైసా ఇవ్వకు. లాయర్ కూడా అక్కర్లేదు, తల్లి ఇటలీలోనే పుట్టిన కేసుకి లాయర్ ఎందుకు, 1948కి ముందు పుట్టినవాళ్ళ తల్లి తరఫు కేసులయితే కోర్టుకెళ్ళాలి గనక అక్కడ కావాలి.

అలాగని ఇది తేలేదాకా ఉద్యోగం ఆపుకోవద్దు. ఇది నెలల్లో అయ్యే పని కాదు. కంపెనీ వాళ్ళు బ్లూ కార్డ్, అంటే అక్కడ ఉండి ఉద్యోగం చేసుకునే పర్మిట్, చేయిస్తామంటే చేయించుకుని వెళ్ళిపో, కానీ అపోస్టిల్ అయిన కాగితాల ఫోల్డర్ సూట్‌కేసులో కాదు, చేతి బ్యాగులో ఉండాలి. అక్కడికెళ్ళాక ఆస్టిన్‌కీ హైదరాబాద్‌కీ పోస్టులు పంపుకుంటూ కూర్చోవడం పెద్ద తలనొప్పి, నేను మొదట్నుంచీ వెళ్ళేలోపు వెళ్ళేలోపు అంటున్నది అందుకే.

మీ ఓసీఐకి దీనివల్ల ఢోకా లేదు, నీది ఎలాగూ అమెరికన్ పాస్‌పోర్టే. కానీ మీ నాన్న ఇంకా ఇండియన్ పాస్‌పోర్ట్ మీద ఉండుంటే మాత్రం పెళ్ళి దారిలో తనూ తీసుకుందాం అని సరదా పడొద్దు అనేదాన్ని, మన చట్టం ప్రకారం ఇంకో పౌరసత్వం తీసుకున్న రోజే భారత పౌరసత్వం పోతుంది, పైగా భార్యాభర్తల దారిలో ఇటాలియన్ భాషలో బి1 అనే మధ్యస్థాయి పరీక్ష ఉంది, ఆయన ఇన్నేళ్ళలో నేర్చుకుంది పలకరించే చావ్, థాంక్స్ చెప్పే గ్రాత్సియే రెండే.

ఇంకొకటి, ఇప్పుడు నీకు అనవసరం అనిపిస్తుంది గానీ చెప్తా. రేపు నీకు ఇటలీ బయట పిల్లలు పుడితే ఈ పౌరసత్వం వాళ్ళకి దానంతటదే రాదు, నువ్వు పౌరురాలిగా గుర్తింపు వచ్చాక, వాళ్ళు పుట్టకముందు ఇటలీలో రెండేళ్ళు వరసగా ఉంటేనే. మ్యూనిక్‌లో పదేళ్ళున్నా ఆ లెక్కలోకి రాదు. పిల్ల పుట్టాక తల్లిదండ్రులు డిక్లరేషన్ ఇచ్చే దారి ఇంకోటుంది, దానికి గడువులున్నాయి, అప్పుడు మళ్ళీ నాకు ఫోన్ చెయ్యి.

తమ్ముడూ, ఇది నీకు. పెళ్ళి సర్టిఫికెట్ రెండు వైపులా ఫోటో తీసి ఈ రాత్రికే వాట్సాప్‌లో పెట్టు, అందులో నీ పేరు ఎలా రాశారో చూస్తే ఎంత పని ఉందో నేను చెప్తా.

మీ ఆంటీ