కారు నెత్తిన పెట్టె సరే, ముందు కార్డు మీది బాకీ దించండి

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరు హొరమావులో అద్దెకుంటున్నాం. నాకు 37 ఏళ్ళు. చేతికి నెలకు 92 వేలు వస్తుంది, ఖర్చులు 68 వేలు, ఎస్‌ఐపీ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టుబడి) 10 వేలు. సేవింగ్స్ ఖాతాలో 22 వేలు ఉన్నాయి. క్రెడిట్ కార్డు మీద 64 వేలు బాకీ, మినిమం డ్యూ (నెలకు కట్టాల్సిన కనీస మొత్తం) మాత్రం తప్పకుండా కడుతున్నాను. 2017 హ్యాచ్‌బ్యాక్ ఉంది, దాని లోన్ తీరిపోయింది. ప్రతి నెలా ఊరికి వెళ్తాం. ఇద్దరు పిల్లలు, బ్యాగులు, వచ్చేటప్పుడు అమ్మ కట్టిచ్చే బియ్యం, శనక్కాయలు. డిక్కీ చాలడం లేదు. 6.5 లక్షల లోన్‌తో సెకండ్ హ్యాండ్ సెవెన్ సీటర్ తీసుకోవాలా, లేక 38 వేలతో రూఫ్ క్యారియర్, దాని మీద పెట్టె కార్డు ఈఎంఐలో కొనాలా? పెట్టె పెడితే మైలేజ్ పడిపోతుందంటున్నారు, నిజమేనా? పెట్రోల్ ఆదా కావాలంటే ఎలా నడపాలి? పెట్రోల్ కార్డుతోనే కొట్టిస్తాను, సర్‌ఛార్జ్ మాఫీ ఉంది. పర్సనల్ లోన్ తీసుకుని కార్డు తీర్చేసి, మిగిలింది కొత్త బండికి డౌన్‌పేమెంట్ కట్టమని ఆఫీసులో ఒక స్నేహితుడు అంటున్నాడు.

జవాబు: మీ ఉత్తరంలో మైలేజ్ గురించి రెండు ప్రశ్నలున్నాయి. 64 వేల బాకీ గురించి ఒక్కటీ లేదు. మినిమం డ్యూ కడుతున్నాం కాబట్టి అంతా సవ్యంగానే ఉందనుకునేవాళ్ళు నాకు చాలామంది తగులుతుంటారు. పెట్రోల్‌లో వంద రూపాయలు మిగల్చడానికి తలబద్దలు కొట్టుకుంటారు, వడ్డీలో వేలు పోతుంటే చూడరు. మీ జవాబు కాస్త పెద్దగా రాయడానికి కారణం అదే.

మీరడిగిన మైలేజ్ లెక్కతోనే మొదలుపెడదాం. అనంతపురం పోయి రావడానికి దాదాపు 420 కిలోమీటర్లు. మీ బండి హైవే మీద లీటరుకు 16 ఇస్తుందనుకుంటే 26 లీటర్ల పైచిలుకు పడుతుంది. లీటరు 103 రూపాయలు వేసుకుంటే 2,700. కారు పైన పెద్ద పెట్టె ఉంటే హైవే మీద మైలేజ్ 6 నుంచి 17 శాతం దాకా తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. 15 శాతం పట్టుకుందాం. ఒక ట్రిప్పుకు ఇంకో నాలుగున్నర లీటర్లు, అంటే 475 రూపాయలు.

ఇప్పుడు కార్డు సంగతి. 64 వేల మీద నెలకు 3.5 శాతం చొప్పున వడ్డీ 2,240. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ఇంకో 403. కలిపితే 2,643 రూపాయలు. అనంతపురం పోయి రావడానికి ఎంత పెట్రోల్ పోయిస్తున్నారో, ఇంచుమించు అంత డబ్బు ప్రతి నెలా కార్డు వాళ్ళకు కడుతున్నారు. అసలు మాత్రం అక్కడే ఉంది. మీ స్టేట్‌మెంట్ తీసి ఫైనాన్స్ ఛార్జెస్ అన్న వరుస చూడండి. రేటు కార్డును బట్టి కాస్త అటూ ఇటూ కావచ్చు, కథ ఇదే.

ఇంకొకటి. పాత బాకీ పూర్తిగా కట్టకుండా ఉంచినప్పుడు కొత్త కొనుగోళ్ళకు వడ్డీ లేని గడువు ఉండదు. బంకులో కార్డు గీకిన రోజు నుంచే ఆ పెట్రోల్ మీద వడ్డీ పడుతోంది. మీకొస్తున్న సర్‌ఛార్జ్ మాఫీ 1 శాతం, పడుతున్న వడ్డీ నెలకు 3.5. రేపటి నుంచి పెట్రోల్‌కు డెబిట్ కార్డు గానీ యూపీఐ గానీ వాడండి. మైలేజ్ పెంచే చిట్కాల్లో మీకు అన్నిటికన్నా ముందు పనికొచ్చేది ఇదే.

మీ స్నేహితుడి సలహా నాకు ఏమాత్రం నచ్చలేదు. కార్డు బాకీని పర్సనల్ లోన్‌లోకి మార్చి, దాని మీద కారు లోన్ ఎక్కించి, ఖాతాలో 22 వేలతో కూర్చోమంటున్నాడు. 6.5 లక్షలకు 14 శాతం వడ్డీతో ఐదేళ్ళంటే ఈఎంఐ 15,100 దాటుతుంది. వడ్డీయే రెండున్నర లక్షల పైన. నెలకు రెండు రోజుల ప్రయాణం కోసం ముప్పై రోజులూ ఈఎంఐ కడతారు. పైగా పెద్ద బండి తాగే పెట్రోల్, దాని ఇన్సూరెన్స్, దాని టైర్లు. ఇలాంటి అప్పు చేశాక కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారన్న మెయిల్ వస్తే పరిస్థితి ఏమిటో బెంగళూరులో ఉన్న మీకు నేను చెప్పనక్కర్లేదు.

మీ దగ్గర అత్యవసర నిధి లేదు. అసలు జబ్బు ఇదే. డిక్కీ చాలకపోవడం చిన్న ఇబ్బంది, ఖాతాలో పది రోజుల ఖర్చుకు కూడా డబ్బు లేకపోవడం ప్రమాదం. 68 వేల ఖర్చున్న ఇంటికి 22 వేలు సరిగ్గా పది రోజులు కూడా రావు. ఆ పదకొండో రోజున మీకు దిక్కు మళ్ళీ ఆ కార్డే.

ఇది మీ రూఫ్ క్యారియర్‌తో ఎలా ముడిపడుతుందో నా కళ్ళతో చూశాను. వైట్‌ఫీల్డ్‌లో ఉండే ఒక క్లయింట్ సంక్రాంతికి ఊరికి వెళ్తూ కారు మీద రెండు సూట్‌కేసులు ప్లాస్టిక్ తాడుతో కట్టాడు. బాగేపల్లి దాటాక తాడు సడలి ఒక సూట్‌కేసు వెనక వస్తున్న బైక్ ముందు పడింది. బైక్ నడిపే అబ్బాయికి కాలు విరిగింది. ఆ రాత్రి ఆస్పత్రిలో అడ్వాన్స్ 60 వేలు కట్టమన్నారు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉంది, కానీ అది ట్రిబ్యునల్లో కేసు తేలాక వచ్చే మాట. కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషికి ఆ క్షణంలో కావలసింది నగదు. ఖాతాలో లేదు. లోన్ యాప్‌లో తీసుకున్నాడు. అది తీర్చడానికి ఇంకోటి. నా దగ్గరికి వచ్చేసరికి నాలుగు యాప్‌లు, మూడు లక్షల బాకీ, ఆఫీసుకు రోజూ రికవరీ ఫోన్లు. భార్యకు తెలియకూడదని ఆయన నా ముందు ఫోన్ సైలెంట్‌లో పెట్టి, బల్ల మీద బోర్లించాడు. అది వెలుగుతూనే ఉంది.

ఆయనకు 60 వేలు పక్కన ఉంటే ఆ యాప్‌ల జోలికి పోయేవాడే కాదు.

అందుకని మీరు చేయాల్సింది చెబుతాను. ఎస్‌ఐపీ ఇవాళే ఆపండి. ఏడాదికి 40 శాతం వడ్డీ కడుతూ ఎస్‌ఐపీ నడపడంలో అర్థం లేదు. ఖర్చులు పోను మీకు నెలకు 24 వేలు మిగలాలి, మొత్తం కార్డుకే కట్టండి. కార్డు పక్కన పెట్టేస్తే మూడో నెలకు బాకీ తీరిపోతుంది. నాలుగో నెల నుంచి అదే 24 వేలు వేరే బ్యాంకు ఖాతాలోకి పోవాలి. ఏటీఎం కార్డు జేబులో లేని ఖాతా అయితే మరీ మంచిది. స్వీప్-ఇన్ (ఖాతాకే ముడిపడ్డ ఎఫ్‌డీ) పెట్టుకున్నా, లిక్విడ్ ఫండ్ (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు. మొదలుపెట్టిన ఏడో నెలకు, ఉన్న 22 వేలతో కలిపి లక్ష దాటుతుంది. 2 లక్షలయ్యాక ఎస్‌ఐపీ మళ్ళీ మొదలుపెట్టి, మిగతాది 4 లక్షలయ్యేదాకా ఈ అత్యవసర నిధిలోనే వేయండి. అది మీ ఇంటికి దాదాపు ఆరు నెలల ఖర్చు. బోనస్ వస్తే అదీ అక్కడికే.

ఇన్సూరెన్స్ గురించి మీరు ఏమీ రాయలేదు. ఆఫీసు వాళ్ళ గ్రూప్ పాలసీ ఒక్కటే ఉండి ఉంటుందని అనుకుంటున్నాను. ఉద్యోగం పోతే అదీ పోతుంది. సొంత ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ ఒకే ఆరోగ్య బీమా), టర్మ్ పాలసీ (అచ్చంగా జీవిత బీమా) రెండూ తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. అమ్మానాన్నల్లో ఎవరికైనా 70 నిండితే కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన ఆయుష్మాన్ వయ వందన కార్డు చేయించండి.

ఇక క్యారియర్. దాని మీద నాకు కోపం లేదు, అప్పు మీదే నా కోపం. లక్ష జమ అయ్యాక చేతి డబ్బుతో కొనుక్కోండి. పెట్టె అక్కర్లేదు, మామూలు క్యారియర్, మంచి బెల్టులు, నీళ్ళు దిగని కవర్ మీ అవసరానికి చాలు. కొనేముందు కారుతో వచ్చిన ఓనర్స్ మాన్యువల్ తీసి రూఫ్ లోడ్ ఎంతో చూడండి. చిన్న కార్లకు ఇది చాలావరకు 50 కిలోల దరిదాపుల్లోనే ఉంటుంది, అందులో క్యారియర్ బరువు కూడా కలిసే ఉంటుంది. క్యారియర్ 12 కిలోలు, పెట్టె 15 కిలోలు అనుకుంటే మిగిలేది 23. మీ అమ్మగారు ఇచ్చే 25 కిలోల బియ్యం బస్తా ఒక్కటి పెడితేనే హద్దు దాటిపోయింది. కాబట్టి బియ్యం ఎప్పుడూ డిక్కీలోనే, వెనక సీటుకు ఆనించి. దుప్పట్లు, బట్టల బ్యాగులు పైకి. బరువు పైకెక్కేకొద్దీ మలుపుల్లో బండి ఒరుగుతుంది, బ్రేక్ వేసినా త్వరగా ఆగదు. చాలా మోడళ్ళలో కారు పైన కనిపించే రైలింగ్ అందానికి పెట్టిందే, బరువు మోయదు. అది కూడా మాన్యువల్లోనే తేల్చుకోండి. పక్కలకు, ముందుకు, వెనక్కి సామాను పొడుచుకొస్తే మోటారు వాహనాల చట్టం 194(1ఏ) కింద జరిమానా 20 వేలు. క్యారియర్ బిగించాక ఇన్సూరెన్స్ కంపెనీకి ఒక మెయిల్ పెట్టి, వాళ్ళ జవాబు దాచుకోండి. రేపు క్లెయిమ్ దగ్గర పేచీ ఉండదు.

ప్లాస్టిక్ తాడు వద్దేవద్దు. అనంతపురం ఎండకు సాగిపోతుంది. బెంగళూరు జేసీ రోడ్డులో రాట్చెట్ బెల్టులు (పిడి ఆడించి బిగించే పట్టీలు) అడగండి. బెల్టును ఒక మెలిక తిప్పి బిగిస్తే గాలికి కొట్టుకుని మోత రాదు. బయల్దేరిన అరగంటకు, అంటే మీకైతే దేవనహళ్ళి దగ్గర, ఒకసారి ఆపి చేత్తో లాగి చూడండి. సామాను కుదురుకుని మొదటి బెల్టు కాస్త వదులవడం మామూలే. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగేముందు పైన సామాను ఉందన్న సంగతి గుర్తుండాలి, స్టీరింగ్ పక్కన ఒక చీటీ అతికించుకోండి. ఊరి నుంచి వచ్చిన రోజే క్యారియర్ విప్పేయండి. ఖాళీది కూడా గాలికి అడ్డమే. నెలంతా సిటీలో ఊరికే మోసుకు తిరిగితే కొంత పెట్రోల్ అనవసరంగా పోతుంది.

నడపడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. బండికి ఎదురయ్యే గాలి నిరోధం వేగానికి వర్గంలో పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే అది నాలుగింతలు. 80లో పోయేదాన్ని 100లో పోతే గాలి నిరోధం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. అనంతపురం ప్రయాణంలో కలిసొచ్చేది మహా అయితే అరగంట. పైన సామానుంటే 80 దాటకండి. డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ మీద నిండు లోడుకు ఎంత గాలి అని రాసి ఉంటుంది, టైర్లు చల్లగా ఉన్నప్పుడే అంత పట్టించండి, స్టెప్నీకి కూడా. దిగుడుల్లో న్యూట్రల్‌లో వదిలేసే అలవాటుంటే మానండి. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలితే పెట్రోల్ సరఫరా దానంతట అదే ఆగుతుంది. న్యూట్రల్‌లో మాత్రం ఇంజన్ తిరగడానికి కాస్త తాగుతూనే ఉంటుంది, పైగా ఇంజన్ బ్రేకింగ్ ఉండదు. హెబ్బాళ్ దగ్గర అరనిమిషానికి మించి ఆగితే ఇంజన్ ఆపేయండి.

క్యారియర్ కొనేదాకా బస్తాలు ఏపీఎస్‌ఆర్టీసీ కార్గోలో వేయించండి, పండగలకు సెవెన్ సీటర్ అద్దెకు తీసుకోండి. ఏ దారి పట్టినా ఈఎంఐ కన్నా చవకే.

ఈ నెల స్టేట్‌మెంట్ వచ్చాక 24 వేలు కట్టిన రసీదు, మీ ఆఫీసు పాలసీ కాపీ నాకు పంపండి. ఎస్‌ఐపీ ఆపారో లేదో కూడా రాయండి. ఫ్లోటర్ ఎంతకు తీసుకోవాలో అప్పుడు చెబుతాను.