అమెరికన్ ప్రముఖుల మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసాలన్నీ చదివాను. అధ్యక్షులు, జనరళ్లు, సినిమావాళ్లు, గాయకులు... బాగా కష్టపడి పోగేశావు. తేదీలు కూడా చాలావరకు సరిగ్గానే ఉన్నాయి. అయినా ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకు. యులిసిస్ గ్రాంట్ మీద రాసిన వ్యాసంలో ఆయన పేరు తీసేసి ఐసెన్‌హోవర్ పేరు పెడితే ఏం మారుతుంది? వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో చదివాడు, పెద్ద యుద్ధం గెలిపించాడు, రెండుసార్లు అధ్యక్షుడిగా గెలిచాడు, పోయాడు. ఊళ్లూ ఏళ్లూ మారిస్తే చాలు, ఇద్దరికీ అతికినట్టు సరిపోతుంది.

పదవుల పట్టిక చదివితే మనిషి ఎంత దూరం వెళ్లాడో తెలుస్తుంది, అంతే. ఆ పదవీ ఆ పేరూ ఎందుకూ అక్కరకు రాని రోజున ఏం చేశాడో వెతుకు. వ్యాసం అక్కడ మొదలుపెట్టు. ఇన్నేళ్లుగా నేను నమ్ముకున్న పద్ధతి ఇదొక్కటే.

గ్రాంట్ సంగతే తీసుకో. అమెరికా అంతర్యుద్ధం చివర్లో అపొమాటక్స్‌లో దక్షిణాది సేనాపతి లీ ఆయనకి లొంగిపోయిన ఘట్టాన్ని పేజీన్నర రాశావు. అధ్యక్ష పదవికి రెండు పేరాలు. చివర్లో "1885లో గొంతు క్యాన్సర్‌తో మరణించారు" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నన్నడిగితే అసలు కథంతా ఆ ముక్కలోనే ఉంది.

1884 మే నెలలో వాల్ స్ట్రీట్‌లో గ్రాంట్ అండ్ వార్డ్ అనే సంస్థ కూలిపోయింది. గ్రాంట్ పెట్టింది పేరు, డబ్బు. నడిపింది ఫెర్డినాండ్ వార్డ్ అనే కుర్రాడు, కొత్తగా వచ్చినవాళ్ల డబ్బు తీసి పాతవాళ్లకి లాభమని పంచుతూ. కూలడానికి రెండు రోజుల ముందు కూడా అతని మాట నమ్మి గ్రాంట్ స్వయంగా కోటీశ్వరుడు విలియం వాండర్‌బిల్ట్ ఇంటికి వెళ్లి 1,50,000 డాలర్లు అప్పు తెచ్చాడు. అదీ పోయింది. మాజీ అధ్యక్షుడికి ఆ రోజుల్లో పింఛను లేదు. అధ్యక్షుడయ్యేటప్పుడు సైన్యం వదులుకోవడంతో మిలటరీ పింఛనూ లేదు. అప్పు కింద తన కత్తులు, పతకాలు, ప్రపంచయాత్రలో రాజులూ మంత్రులూ ఇచ్చిన కానుకలు తీసి ఇచ్చేశాడు.

ఆ వేసవిలోనే లాంగ్ బ్రాంచ్‌లోని ఇంట్లో పీచ్ పండు కొరికితే గొంతులో ఏదో కుట్టినట్టు భరించలేనంత నొప్పి వచ్చింది. నెలల తరబడి పట్టించుకోలేదు. చుట్టలు ఆపలేదు. అంతర్యుద్ధంలో డోనెల్సన్ కోట గెలిచినప్పుడు పత్రికలవాళ్లు ఆయన చేతిలో చుట్ట ఉందని రాశారు. జనం అభిమానంతో వేలకొద్దీ చుట్టలు పంపించారు. ఆ అలవాటే చివరికి అలా తిరిగింది.

డబ్బు కోసమే సెంచురీ పత్రికకి యుద్ధ వ్యాసాలు రాయడానికి ఒప్పుకున్నాడు. ఒక్కోదానికి 500 డాలర్లు. మొదటిది షైలో యుద్ధం మీద. నీలాంటి కొత్తవాడు తప్పకుండా తెలుసుకోవాల్సింది ఇక్కడుంది. ఆయన పంపింది పై అధికారికి రాసిన రిపోర్టులా ఉంది, ఉప్పూ కారం లేకుండా. సంపాదకుడు రాబర్ట్ అండర్‌వుడ్ జాన్సన్ దాన్ని తిప్పి పంపలేదు. ఇంటికి వెళ్లి కూర్చుని, ఆ రోజు ఏం జరిగిందని మాటల్లోకి దించాడు. గ్రాంట్ నోటితో చెబుతుంటే రిపోర్టులో లేనివన్నీ బయటికొచ్చాయి. అలా చెబుతున్నట్టే రాయమన్నాడు జాన్సన్.

షైలో మొదటి రోజు రాత్రి గురించి ఆయన తర్వాత ఏం రాశాడో చూడు. కుండపోత వాన. అంతకు ముందు గుర్రం జారి పడడంతో చీలమండ వాచిపోయి ఉంది. నది ఒడ్డు దగ్గర ఒక చెట్టు కింద పడుకున్నాడు. నొప్పికి నిద్ర పట్టక అర్ధరాత్రి దాటాక కుంటుకుంటూ దగ్గర్లో ఉన్న దుంగల ఇంట్లోకి వెళ్లాడు. దాన్ని ఆసుపత్రి చేశారు. గాయపడ్డవాళ్లని తెస్తూనే ఉన్నారు, చేతులూ కాళ్లూ కోస్తూనే ఉన్నారు. శత్రువు తూటాలకి ఎదురు నిలవడం కంటే ఆ దృశ్యం తట్టుకోవడమే కష్టమైంది. తిరిగి వానలోకే, ఆ చెట్టు కిందకే వెళ్లిపోయాడు. వేలమందిని చావుకు పంపిన సేనాపతి ఈయనే. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి వదిలెయ్. "ఆయన హృదయం ఎంత సున్నితమో" అని నువ్వు మధ్యలో దూరి చెప్పకు. ఆ మాటకొస్తే మహోన్నతుడు, అసమాన ధైర్యశాలి, నిరుపమాన ప్రతిభాశాలి లాంటివి నీ వ్యాసాలన్నిటి నుంచీ తీసెయ్. సన్మానపత్రాలు రాసేవాళ్లు మనకి వేరే ఉన్నారు.

ఆ తర్వాత రచయిత మార్క్ ట్వేన్ వచ్చి, నికర లాభంలో 70 శాతం ఇస్తానని గ్రాంట్ ఆత్మకథ పుస్తకం తన ప్రచురణ సంస్థకి ఇప్పించుకున్నాడు. అసలు రాసింది ట్వేనే అని నువ్వు ఎక్కడో చదివింది అలాగే దించేశావు. కాదు. గ్రాంట్ చేతిరాత ప్రతులు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. చెయ్యి సాగనప్పుడు కొంత చెప్పి రాయించాడు. గొంతు పూర్తిగా పోయాక డాక్టర్లకి చెప్పాల్సింది కూడా కాగితం ముక్కల మీద రాసి ఇచ్చేవాడు. పడుకుంటే ఊపిరాడక రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసుకుని వాటిలోనే రాత్రులు గడిపాడు. పని ముగించిన కొద్ది రోజులకే, 1885 జూలై 23న, మౌంట్ మెక్‌గ్రెగర్‌లో పోయాడు. భార్య జూలియాకి ఆ పుస్తకం మీద 4,00,000 డాలర్లకు పైగా వచ్చాయి.

ఇదంతా చదివి కళ్లు తుడుచుకుని ఆయన్ని దేవుణ్ణి చెయ్యకు. ఆత్మకథలో ఉన్నది చదివాక లేనిది ఏమిటో చూడాలి. 1862 డిసెంబరులో గ్రాంట్ తన అధీనంలోని ప్రాంతం నుంచి యూదులందర్నీ వెళ్లిపొమ్మని జనరల్ ఆర్డర్ నంబర్ 11 జారీ చేశాడు. కొద్ది వారాలకే లింకన్ దాన్ని రద్దు చేయించాడు. అంత పెద్ద పుస్తకంలో దీని ఊసే లేదు. అదే మనిషి 1859లో, చేతిలో చిల్లిగవ్వ ఆడని రోజుల్లో, తన దగ్గరున్న విలియం జోన్స్ అనే బానిసని అమ్మి సొమ్ము చేసుకోకుండా విడుదల చేశాడు. రెండూ రాయి. ఏది అసలు గ్రాంట్ అని తీర్పు చెప్పే పని నీది కాదు.

ఇంకో మాట. గ్రాంట్ 1879లో బొంబాయిలో దిగి ఆగ్రా, ఢిల్లీ, కాశీ, కలకత్తా చూసిపోయాడని తెలిసి ఒక పేరా మొత్తం అల్లావు. ఆయన జీవితంలో దాని బరువు ఎంతో అంతే ఉంచు. మన పాఠకుడికి దగ్గర చెయ్యాలని ప్రతి అమెరికన్‌నీ ఇక్కడికి లాక్కురానక్కర్లేదు.

మరియన్ ఆండర్సన్ వ్యాసంలో సగం అవార్డులే. 1939లో వాషింగ్టన్‌లోని కాన్‌స్టిట్యూషన్ హాల్‌ని నల్లజాతి గాయనికి ఇవ్వబోమని ఆ హాలు సొంతదారులైన డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రివల్యూషన్ సంఘం అన్నప్పుడు, యూరప్ అంతా చప్పట్లు కొట్టిన ఆవిడ పేరు ఏం పనికొచ్చింది? అప్పటి అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ ఆ సంఘానికి రాజీనామా ఇచ్చింది. ఏప్రిల్ 9, ఈస్టర్ ఆదివారం, చలిలో కోటు వేసుకుని లింకన్ స్మారకం మెట్ల మీద నిలబడి 75,000 మంది ముందు పాడింది మరియన్. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపెరా వేదిక ఎక్కడానికి అక్కడి నుంచి ఇంకా 1955 దాకా ఆగాల్సి వచ్చింది. ఎలినార్ మీద నువ్వు విడిగా రాసిన "గొప్ప మానవతావాది" వ్యాసం కూడా ఇందులో కలిపెయ్యొచ్చు. లీ లొంగిపోయింది కూడా ఏప్రిల్ 9నే. కాకతాళీయం. అందులోంచి వేదాంతం లాగకు!

ఆడీ మర్ఫీని "నిజ జీవిత హీరో" అని వదిలేశావు. 19 ఏళ్ల కుర్రాడు 1945 జనవరిలో ఫ్రాన్స్‌లో, తనవాళ్లని వెనక్కి పంపేసి, కాలుతున్న యుద్ధ శకటం ఎక్కి మెషిన్‌గన్‌తో ఒంటరిగా గంటసేపు జర్మన్లని ఆపాడు. పదేళ్లకి సినిమాలో తన వేషం తనే వేశాడు. ఇంటికొస్తే నిద్రపట్టదు, దిండు కింద పిస్తోలు. పగలు కెమెరా ముందు అదే యుద్ధం మళ్లీ చెయ్యాలి. నీ వ్యాసం ఈ టెన్షన్ మీద నడవాలి. ఆయన నటించిన నలభై పైచిలుకు సినిమాల పేర్లు ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

ఇక ఐసెన్‌హోవర్. 1944లో జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్ తీరం నార్మండీ మీద దాడికి ముందురోజు, ఒకవేళ ఓడిపోతే ప్రకటించడానికి ఒక చిన్న చీటీ రాసి పర్సులో పెట్టుకున్నాడు. తప్పేదైనా ఉంటే అది నా ఒక్కడిదే అన్నది దాని సారాంశం. సైన్యం ఉపసంహరించబడింది అన్నట్టు ముందు రాసి, కొట్టేసి, నేనే వెనక్కి రప్పించాను అని మార్చాడు. కంగారులో జూన్ 5కి బదులు జూలై 5 అని తేదీ వేశాడు. చీటీ ఫొటో నెట్‌లో దొరుకుతుంది, ఆ కొట్టివేతతో సహా. దాన్ని ముందు పెట్టుకుని వ్యాసం మళ్లీ రాయి. అదీ, ఆడీ మర్ఫీదీ ముందు పంపు. మిగతావాటికి తొందరేం లేదు.

ఉంటాను,
అన్నయ్య