గూగుల్ వస్తుంటే మా పాప ఆకులు లెక్కపెడతానంటోంది

గాజువాక నుంచి ఒక తండ్రిగారు రాశారు. స్టీల్‌ప్లాంట్‌లో ఉద్యోగం, ఇంకో నాలుగేళ్ళ సర్వీసు ఉంది. వాళ్ళ పాప బీఎస్సీ మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్ ఆఖరి ఏడాదిలో ఉంది. ఎమ్మెస్సీ మెటియరాలజీ, అంటే వాతావరణ శాస్త్రం చేసి, ఆ తర్వాత ఉపగ్రహాలు ఇచ్చే అడవులు, పంటలు, నేల తేమ లెక్కలతో, ఎండా వానా కంప్యూటర్లో లెక్కగట్టే వాతావరణ మోడళ్ళ మీద పనిచేస్తానంటోందట. ఈయన డేటా సైన్స్ కోర్సులో చేరమంటున్నారు, ఆమెకి చెప్పకుండా నలభై వేలు అడ్వాన్సు కూడా కట్టేశారు. "వైజాగ్‌కి గూగులే వస్తోంది సార్, ఎక్కడైనా డేటా డేటానే కదా, ఇదేమో ప్రపంచంలో ఆకులెన్నున్నాయో లెక్కపెట్టే చదువులా ఉంది, రెండూ పోల్చి ఏది మంచిదో చెప్పండి" అన్నది ప్రశ్న. చివర్లో ఇంకో లైను: "మగపిల్లాడైతే ఎలాగోలా బతికేస్తాడని వదిలేద్దును."

సార్, పోల్చి చెప్తాను. కానీ మీ ఉత్తరం రెండుసార్లు చదివాక నాకు అర్థమైంది ఏమిటంటే, మీ టెన్షన్ జీతం గురించి కాదు. కాలనీలో ఎవరైనా "మీ పాప ఏం చేస్తోంది" అని అడిగితే ఒక్క ముక్కలో చెప్పడానికి మీ దగ్గర మాట లేదు, అదీ మీ బాధ. సాఫ్ట్‌వేర్ అంటే ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు. కాబట్టి ముందు ఆ మాట ఇస్తాను.

ఆకులు లెక్కపెట్టడం అని మీరు వెటకారంగా రాశారు గానీ నిజంగానే ఆ లెక్క ఉంది. ఒక చదరపు మీటరు నేల మీద ఎన్ని చదరపు మీటర్ల ఆకు పరుచుకుని ఉందో చెప్పే అంకె అది. ఉపగ్రహాల మీద ఉండే మోడిస్ అనే పరికరం నుంచి ఎనిమిది రోజులకోసారి, భూమి మొత్తానికి, అర కిలోమీటరు గడులుగా వస్తుంది. ఎందుకంటారా? 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి వెళ్ళాక మర్నాడు మీరు బయటికొచ్చి చూసే ఉంటారు, కొండల మీద పచ్చదనం పోయి గోధుమ రంగు మిగిలింది. ఆ వచ్చే వేసవి నీడ లేని రోడ్ల మీద ఎలా గడిచిందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆకు ఉంటే నేలలోని నీరు ఆవిరై గాలిలోకి పోతుంది, ఎండలో కొంత ఆ పనికే ఖర్చవుతుంది. ఆకు లేకపోతే ఆ ఎండంతా నేలనీ గాలినీ వేడెక్కించడానికే పోతుంది. కూల్ పెయింట్ వేసిన డాబా మీద, వెయ్యని డాబా మీద చెప్పులు విప్పి నిలబడితే తేడా ఎలా తెలుస్తుందో, ప్రపంచం మొత్తానికి అదే తేడా అంకెల్లో కట్టాలి. వాతావరణ మోడల్ భూమిని గడులుగా కోసి ప్రతి గడినీ అడుగుతుంది: నీలో చెట్లెంత, వరెంత, బోడి నేలెంత, ఇసకా బంకమట్టా, వేళ్ళు ఎంత లోతు, తడి ఎంత, ఎండలో ఎంత వెనక్కి కొడతావు? ఆ జవాబుల చిట్టాలే మీ పాప చెప్తున్న డేటాసెట్లు. జవాబు తప్పైతే మోడల్ చెప్పే ఎండా వానా కూడా తప్పుతాయి. కాలనీలో ఎవరైనా అడిగితే "ఎండా వానా లెక్క తప్పకుండా చూసే చదువు" అనండి, అదీ మీకిస్తానన్న మాట.

ఇది నిన్నా మొన్నా పుట్టిన ఫ్యాషన్ కూడా కాదు. 1969లో సుకురో మనాబే అనే జపాన్ ఆయన అమెరికాలో ఉండి కట్టిన మోడల్‌లో నేలంటే ఒక బకెట్, ఎక్కడైనా 15 సెంటీమీటర్ల నీళ్ళు పడతాయి, సహారా అయినా అమెజాన్ అయినా అదే బకెట్. ఆయనకి 2021లో, తొంభై ఏళ్ళ వయసులో, ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. తర్వాత 1990లలో శాస్త్రవేత్తలు కూడి 1987, 88 రెండేళ్ళ నేల లెక్కలు ఒకచోట చేర్చి సీడీల్లో పంచారు. ఒక గడి ఒక డిగ్రీ, అంటే మన దగ్గర సుమారు నూట పది కిలోమీటర్లు. ఆ సైజు గడి ఆర్కే బీచ్ దగ్గర మొదలుపెడితే మీ గాజువాక, ఘాట్ రోడ్డు, అరకు అన్నీ మింగేసి మొత్తానికీ ఒకే చెట్టు పేరు పెడుతుంది. ఇప్పుడు సెంటినెల్-2 అనే యూరప్ ఉపగ్రహాల చిత్రాలతో చేసిన పటాల్లో గడి 10 మీటర్లకి వచ్చింది, మీ క్వార్టరు, పక్క క్వార్టరు వేరువేరుగా పడతాయి. గంటగంటకీ నేల తడి, నేల వేడి 1950 నుంచి కట్టి ఉచితంగా పెట్టిన ఈఆర్ఏ5-ల్యాండ్ ఉంది, 9 కిలోమీటర్ల గడి. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఇస్రో, నాసాల ఉపగ్రహం నైసార్ ఉంది, అది రాడార్, మబ్బు పట్టినా నేలని చూస్తుంది.

"అన్నీ ఉపగ్రహమే చేసేస్తే మా పాపకేం పని" అని అడుగుతారు, అందరూ అడుగుతారు. ఒక సంగతి చెప్తాను. మూడేళ్ళ కిందట అనంతగిరి వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది, డిగ్రీ పిల్ల, లాప్‌టాప్ కీబోర్డులో రెండు మీటలు ఊడిపోయి ఉన్నాయి. వరల్డ్‌కవర్ అనే 10 మీటర్ల పటం తెరిచి వాళ్ళ ఊరు చూపించమన్నాను. వాగు పట్టుకుని వెళ్ళి ఒకచోట వేలు పెట్టింది. అక్కడంతా పచ్చ రంగు, అర్థం "చెట్లు". "అది అడవి కాద్సార్, మా తాత కాఫీ తోట, పైనున్నవి సిల్వర్ ఓక్, వాటి మీదకి మిరియాలు ఎక్కించాం" అంది. పటం తప్పు చెప్పలేదు, ఆ పటంలో తోటలు కూడా చెట్ల కిందే లెక్క, వాళ్ళే అలా నిర్వచనం రాసుకున్నారు. కానీ మోడల్‌కి ఎక్కేసరికి అది అడవి అయిపోతుంది, అడవికుండే వేళ్ళ లోతు, అడవికుండే ఆకు అంకె దానికి అంటగడతారు. పక్క వాలు మీద పోడు. ఓ ఏడాది బోడి, ఆ తర్వాత పొద, ఏ సంవత్సరం పటం తీస్తే ఆ వేషం. అది ఎందుకలా మారుతోందో కంప్యూటర్‌కి తెలియదు. ఆ అమ్మాయికి తెలుసు, మార్చిలో కొండ మీద పొగ చూసిన పిల్ల కాబట్టి.

ఇదేదో సైన్సు కబుర్లనుకోకండి, దీని వెనక డబ్బుంది. యూరప్ ఒక చట్టం చేసింది: 2020 డిసెంబర్ 31 తర్వాత అడవి కొట్టిన నేలలో పండిన కాఫీ మేం కొనం, ఏ తోటలో పండిందో అక్షాంశ రేఖాంశాలతో చూపించాలి అని. అమలు వాయిదాలు పడుతూ వస్తోంది, అది వేరే కథ. ఇప్పుడు ఆ తాత తోట 2020 పటంలో అడవిగా పడి, తర్వాత ఆయన నీడ కోసం పెంచిన ఓక్ కొమ్మలు నరికించాడనుకోండి, పైనుంచి చూసేవాడికి అది అడవి కొట్టినట్టే. కాద్సార్ అని రుజువుతో చెప్పగలిగే మనిషి కావాలి. పంటల బీమాలోనూ అంతే, 2023 ఖరీఫ్ నుంచి వరి దిగుబడి అంచనాలో కొంత వాటా రిమోట్ సెన్సింగ్‌కి, అంటే ఉపగ్రహాలతో పైనుంచి చూసి చెప్పే లెక్కకి ఇచ్చారు. చూసి చెప్పడానికి పిల్లలు కావాలా వద్దా?

ఇక మీ గూగుల్. 2025 అక్టోబర్‌లో వైజాగ్‌లో డేటా సెంటర్ పెడతామని ప్రకటన వచ్చినప్పటి నుంచి నాకు వారానికి నాలుగు ఉత్తరాలు ఇదే మాటతో వస్తున్నాయి. ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లు అన్నారు, సంతోషం, ఊరు బాగుపడితే మనకేం బాధ? కానీ సార్, డేటా సెంటర్ ఉన్న ఊళ్ళో డేటా సైంటిస్టులకి ఉద్యోగాలుంటాయనుకోవడం, బ్యాంకు లాకరు గదిలో కంసాలికి పని ఉంటుందనుకోవడం లాంటిది. అక్కడ డేటా దాచే, లెక్కలు కట్టే యంత్రాలని నడపడం పని. కావలసింది కరెంటు, కూలింగు, నెట్‌వర్కు, భద్రత చూసుకునేవాళ్ళు. మీ ప్లాంటులో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసిన కుర్రాడికి అక్కడ పని దొరికే అవకాశం, ఆరు నెలల డేటా సైన్స్ సర్టిఫికెట్ ఉన్న పాప కంటే ఎక్కువని నా లెక్క. చుట్టుపక్కల వేరే కంపెనీలు వస్తే రావచ్చు, వచ్చాక చూద్దాం. రాకముందే అడ్వాన్సులు కట్టడమే నాకు అర్థం కాదు.

ఆ కోర్సుల మీద నాకు కోపం ఊరికే రాలేదు. 2021లో నేనే ఒక కుర్రాడిని అలాంటిదానికి పంపాను, పేరు చెప్పను, బోర్డు పెద్దది, ఏసీ చల్లగా ఉంటుంది. ఆరు నెలల తర్వాత రెజ్యూమె పట్టుకొచ్చాడు, టైటానిక్‌లో ఎవరు బతికారో చెప్పే ప్రాజెక్టు, ఇళ్ళ ధరల ప్రాజెక్టు. తర్వాత అదే బ్యాచ్ పిల్లలు ఇంకో ముగ్గురొచ్చారు, అవే రెండు ప్రాజెక్టులు, అవే బొమ్మలు, ఒకడైతే పక్కవాడి పేరు తీయడం కూడా మర్చిపోయాడు. కోర్సులో నేర్పినవన్నీ పనికొచ్చేవే, పైథాన్, ఎస్‌క్యూఎల్, గ్రాఫులు గీయడం. కానీ అవి స్క్రూడ్రైవరూ స్పానరూ. ఏ మెషిన్ విప్పుతావురా అంటే జవాబు లేదు. మీ పాపకి మెషిన్ ఏదో తెలుసు, స్పానరు ఎలాగూ నేర్చుకుంటుంది, బీఎస్సీలో కంప్యూటర్స్ ఉన్నాయి కూడా.

ఏఐ వచ్చి దీన్నీ తినేస్తుందేమో అని మీరు అడగలేదు, మీ తర్వాతి ఉత్తరంలో అడుగుతారని ఇప్పుడే చెప్తున్నా. వాతావరణం చెప్పే ఏఐ మోడళ్ళు నిజంగానే బాగా వచ్చాయి. అవి నేర్చుకున్నది మాత్రం దశాబ్దాల తరబడి మనుషులు కొలిచి, సరిదిద్ది పేర్చిన ఇలాంటి డేటా మీదే. మామూలు కోడ్ రాసే పని తగ్గుతుంది, డేటాలో తప్పు పట్టే పని తగ్గుతుందని నేననుకోను.

అలాగని అంతా బాగుందని చెప్పి పంపేస్తే నేను మోసం చేసినట్టు. ఈ దారిలో మొదటి నాలుగైదేళ్ళు డబ్బు తక్కువ, ప్రాజెక్టు ఉద్యోగాలు ఏడాదికో రెండేళ్ళకో కాంట్రాక్టు, ప్రాజెక్టు అయిపోతే మళ్ళీ ఇంటర్వ్యూ. జేఆర్ఎఫ్, అంటే పరిశోధన చేసే పిల్లలకిచ్చే ఫెలోషిప్ వస్తే నెలకి 37 వేలు, పైన ఇంటద్దె. రాకపోతే అంతకంటే తక్కువకే పనిచేయాలి. పరీక్షల సంగతి నేను రాయను, అవి పాపకి నాకంటే బాగా తెలుసు. ఇంకో భయం కూడా ఉంది, ఇది నాది. ఈ డేటాలో పెద్ద వాటా అమెరికా, యూరప్ ప్రభుత్వాలు ఉచితంగా ఇస్తున్నది. అమెరికా ఉపగ్రహాలు ల్యాండ్‌శాట్ తీసే చిత్రాలు 2008 నుంచి అందరికీ ఊరికే దొరుకుతున్నాయి, అంతకుముందు కొనుక్కునేవాళ్ళు. మోడిస్‌ని మోస్తున్న ఉపగ్రహాలు టెర్రా 1999లో, ఆక్వా 2002లో ఎగిరినవి, ఇంధనం తగ్గి కక్ష్య జారుతోంది, మీలాగే రిటైర్మెంటుకి దగ్గరపడ్డాయి. వాటి బదులు వేరేవి వచ్చాయి గానీ పాత అంకెల్నీ కొత్త అంకెల్నీ అతుకు తెలియకుండా కలపడం మళ్ళీ ఒక పని. అక్కడ బడ్జెట్ కోస్తే ఇక్కడ మనకి తగులుతుంది, దానికి నా దగ్గర మందు లేదు.

మరి పోల్చమన్నారు కదా. కోర్సు: త్వరగా అయిపోతుంది, జనం ఎక్కువ, మొదటి ఉద్యోగం వస్తే తొందరగా వస్తుంది, రాకపోతే చేతిలో సర్టిఫికెట్ తప్ప ఏమీ ఉండదు. ఎమ్మెస్సీ: రెండేళ్ళు, పోటీ తక్కువ, చోట్లు కూడా తక్కువే. హైదరాబాద్‌లో ఉపగ్రహ చిత్రాలు చూసే ఎన్‌ఆర్‌ఎస్‌సీ, సముద్రం సంగతులు చెప్పే ఇన్‌కాయిస్, పుణెలో వాతావరణ పరిశోధన చేసే ఐఐటీఎం, నోయిడాలో వాతావరణ అంచనాల జాతీయ కేంద్రం, మన ఊళ్ళోనే తుపాను హెచ్చరిక కేంద్రం, బయట బీమా కంపెనీలు, వ్యవసాయ కంపెనీలు. ఇంతే పోలిక, ఇంకా సాగదీసినా ఇంతే వస్తుంది. ఆంధ్రా యూనివర్సిటీలో మెటియరాలజీ, ఓషనోగ్రఫీ విభాగం ఉంది, ఇంట్లోంచే వెళ్ళి రావచ్చు, హాస్టల్ ఖర్చు లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి కూడా అప్లై చేయించండి. రెండేళ్ళయ్యాక నచ్చకపోతే, ఫిజిక్సూ పైథానూ వచ్చిన పిల్లకి సాఫ్ట్‌వేర్ తలుపు మూసెయ్యరు. అటునుంచి ఇటు రావడమే కష్టం. మీ పాప ఏమీ మునిగిపోదు సార్, ఈ ఒక్క మాటా నమ్మి రాత్రికి నిద్రపొండి.

ఇప్పుడు తిట్టే భాగం. మగపిల్లాడైతే వదిలేద్దును అన్నారు. నా దగ్గరకొచ్చే తండ్రులు, కొడుకు డబ్బు లేని చదువు అడిగితే "వాడికి పిచ్చెక్కింది" అంటారు, కూతురు అడిగితే "పెళ్ళెలా అవుతుంది" అంటారు. మీరు ఆ మాట రాయలేదు గానీ లైనులో వినపడుతూనే ఉంది. ఇరవై ఏళ్ళ పిల్ల ఫలానా చదువు కావాలని కారణాలతో చెప్తుంటే, ఆ కారణాలు మీకు అర్థం కాకపోతే అడగాలి, వెనకాల అడ్వాన్సు కట్టకూడదు. నలభై వేలు పోయినందుకు కాదు, రేపు ఆ పిల్ల ఏదైనా మీతో చెప్పాలంటే ముందు జంకుతుంది, అది పోయింది.

ఈ ఆదివారం ఒక పని చెయ్యండి. పాపని పిలిచి ఇస్రో వాళ్ళ పటాల వెబ్‌సైటు భువన్ తెరిచి కణితి రిజర్వాయరు చూపించమనండి. రోజూ మీ ప్లాంటుకి నీళ్ళిచ్చేదే కదా, పాత చిత్రాల్లో, కొత్త చిత్రాల్లో దాని చుట్టూ ఏం మారిందో ఆమెనే చెప్పమనండి, మీరు మధ్యలో మాట్లాడకండి. పాపకి ఒక మాట: ఉపగ్రహ చిత్రాల పని నేర్పే డెహ్రాడూన్ ఐఐఆర్ఎస్ వాళ్ళ ఆన్‌లైన్ కోర్సులు ఉచితం, అడ్మిషన్ దాకా ఖాళీగా ఉండకుండా అవి చేసుకో, పటాలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ దించుకో, మీ అమ్మమ్మగారి ఊరి పటం ఒకటి చేతిపనిగా చెయ్యి, ఎక్కడ ప్రపంచ పటం తప్పిందో ఆ ఊరు నడిచి రాసుకో. ఇంటర్వ్యూలో అదే చూపించు, టైటానిక్ వద్దు.

ఆ నలభై వేల విషయం. రసీదు వెనక చిన్న అక్షరాల్లో రిఫండ్ గడువు ఉంటుంది, చదవండి. బ్యాచ్ మొదలవ్వకముందే కాగితం రాసిచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి. ఫోన్లో అడిగితే రేపు రమ్మంటారు. పాపని వెంటబెట్టుకెళ్ళకండి, కౌన్సిలింగ్ అని కూర్చోబెట్టి ఇంకో పది వేలు కట్టిస్తారు. మీరొక్కరే వెళ్ళండి, షిఫ్ట్ దిగి ఆ యూనిఫారంతోనే.