మొదటి మంగోల్ వెండి నాణెం కొనేముందు

చిన్నా,

గోల్డెన్ హోర్డ్, అదే వోల్గా నది పక్కన ఖాన్లనే మంగోల్ రాజులు ఏలిన రాజ్యం, దాని నాణేలు మొదలుపెడతా బాబాయ్ అన్నావు, సంతోషం, కానీ నువ్వు ఫొటో పంపిన ఆ నాణెం మాత్రం వద్దు. ఖాన్ పేరు బాగానే పడింది సరే, వెనక్కి తిప్పితే ఊరూ లేదు ఏడాదీ లేదు, అచ్చు పక్కకి జరిగి సగం అక్షరాలు అంచు దాటిపోయాయి. ఉజ్బేగ్ అనో తోక్తమిష్ అనో పేరు చూసి ఎగబడి కొంటారు అందరూ, నువ్వు మాత్రం వెనకవైపు చూసి కొను.

జానీబేగ్‌తో మొదలుపెట్టు. 1342 నుంచి 1357 దాకా ఏలాడు, వాళ్ళ రాజధాని కొత్త సరాయ్ టంకశాలలో ఈయన వెండి గుట్టలుగా కొట్టారు కాబట్టి మంచి పీసు కూడా మిగతావాటి కంటే చవగ్గానే వస్తుంది. బొటనవేలి గోరంత ఉంటుంది, బరువు ఒకటిన్నర గ్రాము అటూఇటూ. ఏడాది హిజ్రీలో అంకెల్లో వేస్తారు, అరబిక్ ఏడు ఇంగ్లీష్ వి లాగా ఉంటుంది, ఎనిమిది దాన్నే బోర్లిస్తే వస్తుంది, మన 1301 నుంచి 1397 దాకా హిజ్రీ 700లే గనక ముందు ఆ వి ఎక్కడుందో వెతుక్కో. 743 కనిపిస్తే 1342-43 అన్నమాట. ఒక్కోసారి అచ్చు చెక్కినవాడు అంకెని అద్దంలోలా తిప్పేస్తాడు, కంగారుపడకు. ఊరి పేరుకి ముందు జర్బ్ అని ఉంటుంది, అంటే ఫలానా చోట కొట్టింది అని, మన నిజాం రూపాయి మీద హైదరాబాద్ ముందు ఉండేది కూడా అదే, మీ తాతయ్య డబ్బాలో ఉంది కదా, తీసి పక్కన పెట్టుకుని పోల్చుకో.

1359లో జానీబేగ్ కొడుకు బెర్దీబేగ్‌ని చంపేశాక వచ్చిన ఖాన్ల జోలికి ఇప్పుడే పోకు, ఇరవై ఏళ్ళు ఎవడు ఎప్పుడు గద్దె ఎక్కాడో ఎవడు దిగాడో తలనొప్పి, అయినా నాకు ఇష్టమైనవి అవే అనుకో.

నకిలీల సంగతి. ఇవి చేత్తో సుత్తి దెబ్బకి కొట్టినవి, ఒకదాని అంచు ఇంకోదానికి కలవదు. అమ్మేవాడి పాత లిస్టింగులు తిరగెయ్, వేరే నాణెం ఫొటోలో కూడా అంచు పగులు అదే చోట, అదే వంకర ఉంటే రెండూ పోతపోసినవే, ఇంకేం చూడక్కర్లేదు. సన్నటి బుడగల గుంటలు, సబ్బులా అరిగినట్టున్న అక్షరాలు ఉన్నా వదిలెయ్.

కొన్నాక చింతపండు, పీతాంబరి పెట్టి మాత్రం తోమకురా బాబూ, ఆ నలుపు పోతే సగం విలువ పోయినట్టే. ఇంకోటి, వందేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువే, ఇక్కడికి వచ్చాక మళ్ళీ బయటి దేశానికి అమ్మేద్దాం అంటే కుదరదు, కాబట్టి ఉంచుకునేదే కొను, బిల్లు దాచుకో.

ఇబ్న్ బతూతా ఉజ్బేగ్ ఖాన్ డేరాలు చూసే ఢిల్లీలో తుగ్లక్ దగ్గరికి వచ్చాడు తెలుసా, ఢిల్లీ సుల్తానుల బంగారు నాణేలు వోల్గా పక్కన దొరికాయి కూడా, అది తీరిగ్గా ఫోన్‌లో చెప్తా.

ఈలోపు అమ్మేవాణ్ణి రెండువైపులా ఫొటోలు, కాటా మీద పెట్టి ఇంకోటీ అడుగు. పంపితే నాకు ఫార్వర్డ్ చెయ్, ఏడాది మాత్రం నువ్వే చదివి చెప్పాలి.

మీ బాబాయ్