స్పెయిన్‌లో కాపురం: జీతం ఒక్కటే చూడకండి

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న. బార్సిలోనాల ఒక కంపెనీ ఏడాదికి 42 వేల యూరోలు ఇస్తమంటోంది. భార్య, అయిదేండ్ల పాప ఉన్నరు. అమ్మానాయిన ఇక్కడనే ఉంటరు. పోతే లాభమా, నష్టమా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముందు 42 వేలను రూపాయల్లోకి మార్చి చూసుకోవడం మానండి. ఆదాయపన్ను, సామాజిక భద్రత కోత పోగా చేతికొచ్చేది సుమారు 31 వేలు. చాలా కంపెనీలు దాన్ని 14 భాగాలు చేసి ఇస్తాయి. నెలనెలా 2,200 యూరోలు, వేసవిలో ఒకటి, క్రిస్మస్‌కు ఒకటి అదనం. ఇంటి ఖర్చు 2,200తోనే లెక్కేసుకోవాలి. అందులో రెండు పడకగదుల ఇంటి అద్దెకే 1,200 నుంచి 1,500 దాకా పోతుంది. ముగ్గురు మామూలుగా బతకొచ్చు, ఇంటికి పంపడానికి పెద్దగా మిగలదు.

‘బయటి నుంచి వచ్చినోళ్లకు 24 శాతమే పన్ను’ అని చెప్పేవాళ్లు తగులుతారు. అది ఉన్న మాటే, సామాజిక భద్రతలో నమోదైన 6 నెలల్లోపు దరఖాస్తు చేయాలి. కాకపోతే అందులో వ్యక్తిగత మినహాయింపులేవీ రావు. మీ జీతానికి మామూలు పద్ధతే చవక. ఏడాదికి దాదాపు రెండు వేల యూరోల తేడా ఉంటుంది.

కంపెనీని గట్టిగా అడగాల్సింది ఏ అనుమతి మీద తీసుకెళ్తున్నారని. ఉన్నత నైపుణ్య ఉద్యోగుల అనుమతి అయితే భార్యాపిల్లలు మీతోపాటే రావచ్చు, ఆమె ఉద్యోగమూ చేసుకోవచ్చు. మామూలు వర్క్ పర్మిట్ అయితే వాళ్లను పిలిపించుకునే ముందు ఏడాది మీరు ఒంటరిగా ఉండాలి. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

దిగాక మొదటి పని మున్సిపాలిటీలో చిరునామా నమోదు. దీన్ని ‘పద్రోన్’ అంటారు. ఆరోగ్య కార్డుకైనా, పాప బడి సీటుకైనా ఇదే ఆధారం. నెలలోపు పోలీసు కార్యాలయంలో వేలిముద్రలిచ్చి విదేశీయుల కార్డుకు దరఖాస్తు చేయాలి. అపాయింట్‌మెంట్ దొరకడమే గగనం. అది పూర్తిగా ఉచితం, అమ్మజూపేవాళ్లకు పైసా ఇవ్వకండి. ఆగస్టులో సగం ఊరు సెలవు మీదే ఉంటుంది, ఆ నెలలో దిగకపోతే మేలు.

ఇంటి యజమాని చట్టప్రకారం ఒక నెల అడ్వాన్స్, దానిపై హామీగా మరో రెండు నెలల దాకా అడగొచ్చు. మొదటి నెల అద్దెతో కలిపితే నాలుగు నెలల సొమ్ము చేతిలో ఉండాలి. సొంత నివాసానికి తీసుకుంటే బ్రోకర్ ఫీజు 2023 నుంచి యజమానిదే. దీన్ని తప్పించుకోవడానికే కొందరు 11 నెలల ‘తాత్కాలిక’ ఒప్పందం ముందు పెడతారు. అందులో ఫీజూ మీ మీద పడొచ్చు, అయిదేళ్లు ఉండే హక్కూ పోతుంది.

ఇక సుఖాల సంగతి. ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు చట్టంలోనే ఉంది. ప్రభుత్వ డాక్టర్ ఉచితం, స్పెషలిస్టు కోసం మాత్రం వారాలు ఎదురుచూడాలి. ప్రభుత్వ బడి మూడేళ్ల వయసు నుంచి ఉచితం. బార్సిలోనాలో పాఠాలు ప్రధానంగా అక్కడి ప్రాంతీయ భాష కతలాన్‌లో నడుస్తాయి, పాప త్వరగానే నేర్చుకుంటుంది. కతలాన్, స్పానిష్ రెండు భాషలతో తంటాలు మీ దంపతులకే.

అమ్మానాన్నలు విజిట్ వీసా మీద వస్తే 180 రోజుల్లో 90 రోజులే ఉండొచ్చు. పౌరసత్వానికి పదేళ్లు పడుతుంది, అప్పుడు భారత పౌరసత్వం వదులుకోవాలి. శాశ్వత నివాసం అయిదేళ్లకే వస్తుంది, చాలామందికి అదే సరిపోతుంది. హనుమకొండలో ప్లాట్లో, బ్యాంకు డిపాజిట్లో ఏ ఒక్క రకమైనా 50 వేల యూరోలు దాటితే ఏటా మార్చి 31లోగా స్పెయిన్ పన్నుశాఖకు చెప్పాల్సి రావచ్చు. 24 శాతం పద్ధతి ఎంచుకున్నవాళ్లకు ఈ బాధ్యత లేదు.

ప్రశ్న: మా బిడ్డ ఎం.ఎస్. చదువుకు వాలెన్సియా పోతోంది. నీచు ముట్టదు. తిండికి ఎట్ల?
– ఒక తల్లి, పరకాల

జవాబు: అమ్మా, పప్పులు, బియ్యం, కూరగాయలు బాగానే దొరుకుతాయి. చిక్కు హోటల్లోనే. మాంసం వద్దంటే చాలాచోట్ల పంది హామ్, చేపలు అందులోకి రావనుకుంటారు. ‘మిక్స్‌డ్ సలాడ్’లో ట్యూనా చేప ఉంటుంది, చిక్కుడుకాయ వేపుడులో హామ్ ముక్కలు పడతాయి. ‘సిన్ కార్నె, సిన్ పెస్కాదో, సిన్ హమోన్’ అని మూడూ విడివిడిగా చెప్పమనండి. అక్కడి పిమెంతోన్ కారం మన వరంగల్ చపాటా మిర్చిలా రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. కాబట్టి కారం పొడి ఇంటి నుంచే కట్టి పంపండి.

ఇంకోటి, పేరు. అక్కడి ఫారాల్లో రెండు ఇంటిపేర్ల గడులుంటాయి. రెండోది ఖాళీ వదిలేయాలి. పదో తరగతి మెమోలో ఇనిషియల్, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ఉంటే ఇక్కడే సరిచేయించి, ఆ తర్వాతే అపోస్టిల్‌కు (సర్టిఫికెట్లు విదేశాల్లో చెల్లేలా వేసే ప్రభుత్వ ధ్రువీకరణ) వెళ్లండి. విదేశీ గుర్తింపు సంఖ్య కాగితం చేతికిచ్చినప్పుడు అక్షరం అక్షరం చూసుకుని కౌంటర్ వదలమనండి, ఆ తప్పే బ్యాంకు ఖాతాలోకి పాకుతుంది.

ప్రశ్న: నా డ్రైవింగ్ లైసెన్స్ స్పెయిన్‌ల నడుస్తదా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తోడుగా ఉంటే, నివాసం మొదలైన 6 నెలల దాకా నడుస్తుంది. తర్వాత మార్పిడి లేదు, పరీక్ష రాయాలి. 30 ప్రశ్నల్లో మూడు తప్పులకు మించకూడదు. రాతపరీక్ష ఇంగ్లిష్‌లో ఉంటుంది, బండి నడిపే పరీక్షలో మాత్రం సూచనలు స్పానిష్‌లోనే ఇస్తారు. విజిట్ వీసా మీద దిగి డ్రైవర్ పని చూసుకోవచ్చని ఏజెంటు చెబితే పైసలు కట్టకండి, ఆ వీసా మీద పని చేయడం చట్టవిరుద్ధం.